తురాయి లేచిన వేళ

2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు రోజుల్లో సింగపూర్ లిటిల్ ఇండియాలోని ఒక చిలుకకు ఎక్కడలేని పేరొచ్చింది. దాని పేరు మణి. సెరంగూన్ రోడ్డు దగ్గర చిలకజోస్యం చెప్పే ఒక పెద్దాయన పక్షి అది. క్వార్టర్ ఫైనల్స్ నాలుగింటిలోనూ గెలిచే జట్టు చీటీనే ముక్కుతో లాగింది. స్పెయిన్, జర్మనీల సెమీ ఫైనల్‌నూ సరిగ్గా పట్టుకుంది. విలేకరులు ఎగబడ్డారు. ఫైనల్‌కు మాత్రం నెదర్లాండ్స్ చీటీ తీసింది. జూలై 11న కప్పు స్పెయిన్ ఎత్తుకుపోయింది. జర్మనీలో పాల్ అనే ఆక్టోపస్ ముందే స్పెయిన్ పక్షాన నిలవడంతో మణి వైభవం అక్కడితో సరి.

చిలకజోస్యంలో చిలుకకు తెలిసిందల్లా చీటీ లాగితే గింజ దొరుకుతుందని. మిగతా అర్థమంతా చుట్టూ మూగినవాళ్ళు కల్పించుకునేదే. ఇంట్లో పెంచుకునే పక్షి విషయంలోనూ చాలావరకు జరిగేది ఇదే. బుస కొడితే పొగరంటారు. తలుపు చాటు నుంచి అరిస్తే బెంగంటారు. ఈకలు ఉబ్బించుకుని గంటల తరబడి కూర్చుంటే ఎంత ముద్దుగా ఉందో అంటారు. ఈ మూడిటిలో చివరి మాటే పక్షి ప్రాణం మీదకు తెచ్చేది.

సింగపూర్ ఫ్లాట్లలో ఇలాంటి జోస్యానికి తరచుగా దొరికిపోయేది కాకటీల్. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న మెట్టభూములు. బూడిదరంగు ఒళ్ళు, మగవాటికి పసుపుపచ్చ ముఖం, చెంపల మీద నారింజరంగు బొట్లు, నెత్తిన తురాయి. బరువు 80 నుంచి 100 గ్రాములు. చూడటానికి సన్నపాటి చిలుకలా ఉన్నా కాకటూల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది ఇదే. ఈ బంధుత్వం నిజమా కాదా అని పక్షిశాస్త్రజ్ఞులు చాలాకాలం తగువులాడుకున్నారు. లేపి దించగల తురాయి, ఈకల నుంచి రాలే తెల్లటి పొడి, చాలా చిలుకల్లో కనిపించని పిత్తాశయం ఆ కుటుంబంవైపే వేలు చూపాయి. 1990ల్లో డీఎన్ఏ పరీక్షలు కూడా అదే మాట చెప్పాయి.

ఇది ఇంతగా ఇళ్ళలోకి చేరడానికి చట్టం కూడా దోహదం చేసింది. వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాల్లో చిలుకజాతులు దాదాపు అన్నీ ఉన్నాయి. బయట మిగిలినవి నాలుగే: బడ్జెరిగార్, పీచ్‌ఫేస్డ్ లవ్‌బర్డ్, మన రామచిలుక, కాకటీల్. భారతదేశంలో రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి హైదరాబాద్, విజయవాడ పక్షుల దుకాణాల్లోనూ ఈ ఆస్ట్రేలియా చుట్టమే కనిపిస్తుంది. సింగపూర్‌లో ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ ఫ్లాట్లలో దశాబ్దాలపాటు పిల్లిని పెంచడానికి అనుమతి లేదు. ఆ నిషేధం 2024 సెప్టెంబర్ 1న గానీ తొలగలేదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగనంతవరకు పక్షికి మాత్రం ఎప్పుడూ చోటుంది.

చోటుంది సరే, ఆ చోటు ఎలాంటిదన్నదే అసలు సంగతి. ఎండిన గడ్డినేలల మీద గుంపులుగా గింజలేరుకుంటూ, నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి వలసపోయే పక్షిని తీసుకొచ్చి భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో, పన్నెండో అంతస్తులో, ట్యూబులైట్ కింద పెట్టాం. అది చేసే వింతపనుల్లో చాలాభాగం పక్షిలో లోపం వల్ల వచ్చినవి కావు. గడియారం, కిటికీ, వంటగది, వాన తనకు తెలిసిన లెక్కకు అందనప్పుడు అది చేసే మామూలు పనులవి.

ముందు తురాయి సంగతి. అది నిటారుగా లేచిందంటే ఉలికిపాటు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. సగం వాలి కొస మాత్రం పైకి తిరిగి ఉంటే నిమ్మళం. తలకు అతుక్కుపోయి, నోరు తెరుచుకుని, బుస కూడా తోడైతే భయం, బెదిరింపు కలగలిసిన స్థితి. ఇంతవరకు నిజమే. కానీ వంటింట్లో కుక్కర్ కూసినా తురాయి లేస్తుంది, చేతిలో కొర్ర కంకి కనిపించినా లేస్తుంది. తేడా తలమీద కనపడదు, మెడ కింద వెతకాలి. కుక్కర్ కూతకు ఈకలన్నీ ఒంటికి బిగుసుకుపోయి పక్షి సన్నగా, పొడుగ్గా మారి, కాళ్ళు కదపకుండా నిలబడిపోతుంది. కంకిని చూస్తే మెడ ముందుకు చాచి దండె మీద పక్కపక్కగా నడుచుకుంటూ వస్తుంది. తురాయి ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్ళు సగంసార్లు తప్పుతారు.

కొన్ని చిలుకల ముఖంలో మనసు ఇంకాస్త బయటపడుతుంది. 2018లో ఫ్రాన్స్‌లో అలీన్ బెర్టిన్ బృందం నీలం-పసుపు మకావ్‌లను గమనించింది. తమను చూసుకునే మనిషి కళ్ళలోకి చూస్తూ మాట్లాడుతున్నప్పుడు వాటి తల మీది ఈకలు ఎక్కువగా నిక్కాయి, చెంపల మీది తెల్లచర్మం ఎక్కువగా ఎర్రబడింది. కాకటీల్ చెంపబొట్టు ఈకలతో తయారైనది, చెవిని కప్పి ఉంచేది. అక్కడ సిగ్గు కనిపించే వీలు లేదు. పెద్ద చిలుకల మనసు వాటి కంటిపాప చిన్నదీ పెద్దదీ కావడంలో తెలుస్తుందంటారు. మామూలు బూడిదరంగు కాకటీల్ కన్ను ముదురు గోధుమరంగు కాబట్టి ఆ మార్పూ పెద్దగా పట్టుబడదు. మిగిలింది ఒళ్ళే.

ఇళ్ళలో అందరినీ హడలెత్తించేది బుస. నిన్నటిదాకా భుజమెక్కి చెవి కొరికిన మగపక్షి ఒకరోజు చెప్పుల అరలోకి దూరుతుంది. పై అర అంచును ముక్కుతో కొరుకుతుంది, చెక్కను టకటక కొడుతుంది, లోపల్నుంచి ఈల వేస్తుంది. బయటికి తీద్దామని చెయ్యి పెట్టగానే తురాయి నెత్తికి అంటుకుంటుంది. రెక్కలు కాస్త విప్పి, ఒళ్ళంతా ఎడమకూ కుడికీ ఊపుతూ, పాము బుసకొట్టినంత పొడుగ్గా గాలి వదిలి ఒక్కసారి ముందుకు దూకుతుంది. దీనికి దయ్యమేదైనా పట్టిందా అనిపిస్తుంది.

పట్టింది తండ్రితనం. అడవిలో కాకటీల్ గూడు చెట్టుతొర్ర. తొర్రలు వెతికి చూడటంలో మగది ముందుంటుంది. గుడ్లు పెట్టాక పొదగడంలోనూ వంతులుంటాయి: పగలు మగది, రాత్రి ఆడది. చీకటి తొర్రలోకి ఎవరైనా తల దూర్చితే లోపలున్నది పామేమో అనిపించేలా బుసకొట్టి ఊగడం ఈ జాతికి పసితనం నుంచే వచ్చు. కళ్ళు తెరిచీ తెరవని పిల్లలు కూడా గూట్లో కలిసి బుసకొడుతూ ఊగుతాయి. చెప్పుల అర, సోఫా కింది సందు, తెరిచి ఉంచిన బీరువా, గిటార్ పెట్టె అన్నీ దానికి తొర్రలే.

అయితే అది గూడు కట్టాలన్న పట్టు ఏడాదంతా ఎందుకు వదలదు? ఇక్కడ సింగపూర్ ప్రత్యేకత ఉంది. మధ్య ఆస్ట్రేలియాలో మంచికాలం అరుదు. వాన పడాలి, గడ్డి మొలవాలి, గింజ పాలుపోసుకోవాలి, అప్పుడే పిల్లల్ని పెంచే వీలుంటుంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాది సగటు వాన 300 మిల్లీమీటర్లకు లోపే. సింగపూర్‌లో 2,100 మిల్లీమీటర్ల పైచిలుకు. కిటికీ అవతల తరచూ వాన చప్పుడు, గిన్నెలో ఎప్పుడూ నిండుగా గింజలు, ఉడికించిన గుడ్డు, మెత్తటి అన్నం. పైగా వెలుతురు. భూమధ్యరేఖ పక్కనే ఉండటంతో ఇక్కడ ఏడాదంతా పగలు దాదాపు 12 గంటలే. ఉదయం ఏడు ప్రాంతంలో తెల్లవారి సాయంత్రం ఏడు ప్రాంతంలో పొద్దుగూకుతుంది. పక్షికి ఆ లెక్క సరిపోతుంది. కానీ హాల్లో టీవీ, ఎల్ఈడీ దీపాలు రాత్రి పదకొండున్నర దాకా వెలుగుతుంటే దాని పగలు పదహారు గంటలు దాటిపోతుంది. మంచికాలం వచ్చింది, ఇంకా పోలేదు అని ఒంట్లోని హార్మోన్లు నమ్ముతాయి.

మగదానికి ఇది చిరాకుతో పోతుంది. ఆడదానికి ప్రాణసంకటం. జోడీ లేకపోయినా పిల్లలు కాని గుడ్లు వరసగా పెడుతుంది. ప్రతి పెంకుకూ ఒంట్లోని కాల్షియమే ఖర్చు. గుడ్లు కనిపించగానే తీసి పారేస్తే పోయినవాటి బదులు మళ్ళీ పెడుతుంది. వాటినో, ప్లాస్టిక్ గుడ్లనో దాని కిందే ఉంచితే మూడు వారాలకు అదే విసుగెత్తి లేచిపోతుంది. సాయంత్రం ఏడెనిమిదికల్లా దీపాలార్పిన గదిలోకి పంజరాన్ని చేర్చడం, తొర్రలాంటి సందులన్నీ మూసేయడం, వీపు నిమరడం మానేసి తల మాత్రమే గోకడం, గుడ్లు ఆపడానికి చేయాల్సినవి ఇవే. వీపు మీద చెయ్యి వేస్తే పక్షికి అది జత కట్టే సంకేతం. ఆడపక్షి పంజరం అడుగున కాళ్ళు ఎడంగా పెట్టి, తోక పైకీ కిందికీ కొట్టుకుంటూ ముక్కుతుంటే మాత్రం గుడ్డు అడ్డం పడిందేమో అనుకుని అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. తెల్లవారాక చూద్దామనే వ్యవధి ఉండదు.

రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టడమూ ఇలా తికమక పెట్టే పనే. పక్షులకు చెమటగ్రంథులు లేవు. మధ్యాహ్నం 32 డిగ్రీల ఎండ, దాని మీద ఉక్కపోత, గాలాడని వరండా ఉంటే నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు పక్కలకు జార్చి వేడి వదులుతుంది. మగది ఎవరిమీదనో మనసు పడినప్పుడూ భుజాలెత్తి రెక్కలు ఎడం చేస్తుంది. వెనకనుంచి చూస్తే హృదయం బొమ్మ గీసినట్టుంటుంది. అప్పుడు నోరు మూసే ఉంటుంది, ఈల ఆగదు, నడకలో డాబు కనిపిస్తుంది. ఆ మనసు పడింది ఎదుటి అద్దం మీదో, యజమాని కాలి బొటనవేలి మీదో కావచ్చు. ఇక వాన చప్పుడు వినగానే తలకిందులుగా వేలాడి రెక్కలూ తోకా పూర్తిగా విప్పిందంటే ఉత్త స్నానోత్సాహం. నీళ్ళు చల్లే సీసాతో రెండుసార్లు సన్నగా చిమ్మితే చాలు, ఆనందానికి అంతుండదు. ఆ స్నానం ఇంట్లోవాళ్ళకూ మేలే. ఏసీ కోసం తలుపులు బిగించిన గదిలో కాకటీల్ ఈకల పొడి టీవీ తెరమీద, పుస్తకాల మీద, ఊపిరితిత్తుల్లోనూ చేరుతుంది.

రాత్రి భయం వేరే సంగతి. కాకటీల్‌ను పెంచేవాళ్ళలో దీన్ని చూడనివాళ్ళు తక్కువ.

మార్చి, ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు మలక్కా జలసంధి మీదుగా సుమత్రా గాలివానలు వరసకట్టి వస్తాయి. ఎక్కువగా తెల్లవారుజామునే సింగపూర్‌ను తాకుతాయి. ఈ ద్వీపంలో ఏడాదికి 160కి పైగా రోజులు ఉరుములు వినిపిస్తాయి. చీకట్లో ఒక మెరుపు, పరదా టపటప, ఆ వెంటనే పంజరంలో ఎవరో గుప్పెడు గులకరాళ్ళు విసిరినంత చప్పుడు. లైటు వేసి చూస్తే పక్షి అడుగున పడి ఉంటుంది. రెక్కలు విప్పి, నోరు తెరిచి, తురాయి నిక్కి, తెల్లటి ఊచల మీద రెండు మూడు నెత్తుటి చుక్కలు. కొత్తగా మొలుస్తున్న ఈక లోపల రక్తం పారుతుంటుంది. కొట్టుకోవడంలో అది విరిగితే ఇలా కారుతుంది.

నేలమీద మేసి బతికే జాతికి ఉన్న ఆత్మరక్షణ ఒక్కటే: ముందు ఎగరడం, తర్వాత ఆలోచించడం. చీకట్లో దానికి చూపు సరిగా ఆనదు, పంజరానికి నాలుగు పక్కలా గోడలు. గుంపులో ఉంటే ఎవరో ఒకరు మేలుకుని కాస్తుంటారు. 1999లో నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం నీటిబాతుల మీద చేసిన పరిశోధన ప్రకారం, వరసలో చివరన కూర్చున్న బాతులు బయటివైపు కన్ను తెరిచి, మెదడులో సగాన్నే నిద్రపుచ్చుతాయి. కాపలా వంతులు ఇలా జరిగే లోకంలో ఒంటరి పక్షికి నిద్రే గండం. ఈ భయాలు తెల్లటి లూటినో రకంలో ఎక్కువని పెంపకందారులు చెబుతారు. ఆ రకానికే తురాయి వెనక చిన్న బట్టతల కూడా వంశపారంపర్యంగా వస్తుంది. అది జబ్బని కంగారుపడి మందులు పూసేవాళ్ళూ ఉన్నారు.

సింగపూర్‌లో పంజరానికి గుడ్డ కప్పడం పాత అలవాటు. ఆంగ్ మో కియోలోని కెబున్ బారు మైదానంలో పొడుగాటి స్తంభాల మీద పంజరాలెక్కించి పావురాళ్ళ కూతలు వినే ముసలాళ్ళు ఎంతో ముచ్చటైన ముసుగులు తెస్తారు. పాటపక్షికి అది సరే. కాకటీల్ పంజరాన్ని నాలుగువైపులా మూసేస్తే కటికచీకటిలో భయం ఇంకా పెరగొచ్చు. ఒకవైపు తెరిచి, గదిలో చిన్న రాత్రిదీపం ఉంచి, పడినప్పుడు చెయ్యి లోపల పెట్టకుండా పేరుతో పిలుస్తూ నెమ్మదిగా వెలుతురు పెంచితే తేరుకుంటుంది.

పగటి భయాలకు ఎక్కువగా కిటికీ కారణం. ఏమీ జరగకుండానే పక్షి కర్రలా బిగుసుకుపోయి ఒక కన్ను ఆకాశంవైపు తిప్పిందంటే మనిషికి కనపడనిదేదో దానికి కనపడింది. బ్రాహ్మణి గద్ద సింగపూర్ ఆకాశంలో రోజూ తిరుగుతుంది. పైడ్ హార్న్‌బిల్ అంతకన్నా దగ్గరికి వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ద్వీపం నుంచి కనుమరుగైన ఆ పక్షి 1994లో పులావ్ ఉబిన్ దీవిలో మళ్ళీ కనిపించింది. గూటిపెట్టెలు అమర్చి దాన్ని కాపాడారు, ఇప్పుడది ఫ్లాట్ల వరండాల గోడల మీద వాలుతుంది. ఫొటోలు తీసుకునేవాళ్ళకు పండగే. పండ్లతోపాటు చిన్న పక్షుల్ని, గుడ్లను కూడా తినే జీవి అది. వరండాలో వేలాడే పంజరంలోని కాకటీల్‌కు ఆ పెద్ద పసుపు ముక్కు ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పంజరానికి ఒక పక్క గోడ ఉండేలా జరిపితే ఈ బిగుసుకుపోవడం చాలావరకు తగ్గుతుంది.

అరుపుల్లో కొన్ని నిజంగా పిలుపులే. ఇంటివాళ్ళు పక్కగదిలోకి వెళ్ళగానే వచ్చే గట్టి కేక, గుంపు చెదిరినప్పుడు "ఎక్కడున్నారు" అని వేసే కేక. జవాబుగా ఒకే రకం ఈల వేస్తే చాలాసార్లు ఊరుకుంటుంది. కేకపెట్టినప్పుడల్లా పరిగెత్తుకొస్తే కేకే అలవాటవుతుంది. కాకటీల్‌ల మధ్య బంధాలు ఎంత గట్టివో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో పరీక్షించారు. ఆపదలో పెట్టే కేకల్ని రికార్డు చేసి వినిపిస్తే, తనకు దగ్గరైన పక్షి కేకకు కాకటీల్ ఎక్కువగా కలవరపడింది. జపాన్‌లో యోషిమాసా సెకి ఇంకో తమాషా చూశారు. ఆయన పెంచిన మూడు కాకటీల్‌లు మిక్కీ మౌస్ మార్చ్ బాణీ నేర్చుకున్నాయి. ఆ పాట వినిపిస్తుంటే దానితో గొంతు కలిపి, శ్రుతీ కాలమూ తప్పకుండా ఈల వేయడానికి ప్రయత్నించాయి. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కాబట్టి ఫోను మోగినప్పుడల్లా పక్షి అదే బాణీ ఎత్తుకుంటే దాన్ని వెక్కిరింతగా తీసుకోవడం అన్యాయం, అది బృందగానం. పొద్దున అందరూ ఆఫీసులకు పోయి రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చే ఇంట్లో ఆ బృందం దానికి రోజంతా దొరకదు. తన ఈకలు తానే పీక్కోవడం మొదలయ్యేది ఎక్కువగా అలాంటి ఇళ్ళలోనే. అయితే పురుగులు, చర్మవ్యాధులు లేవని తేలాకే ఒంటరితనాన్ని తప్పుపట్టాలి.

ఇక ఈకలు ఉబ్బించుకుని కూర్చునే ఆ ముద్దొచ్చే పక్షి సంగతి. నిద్రకు ముందు కాసేపు ఈకలు వదులు చేసి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు పైదవడనూ కిందిదవడనూ కరకర నూరుకుంటే అది హాయి. పగటిపూట గంటలకొద్దీ ఉబ్బి, రెండు కాళ్ళ మీదా కూలబడి, కళ్ళు అరమూతలు పడి, ప్రతి శ్వాసకూ తోక ఎగిరిపడుతుంటే అది జబ్బు, అదీ ముదిరిన జబ్బు. వేటాడే జంతువు కంట పడకూడదని నలతను దాచడం ఈ జాతి స్వభావం. బయటికి కనిపించేసరికి దాచే ఓపిక అయిపోయి ఉంటుంది. పప్పులు తూచే డిజిటల్ త్రాసు మీద వారానికి రెండుసార్లు తూచేవాళ్ళు ముందే కనిపెడతారు. 90 గ్రాముల పక్షి 81కి దిగితే పదో వంతు పోయినట్టే.

ఊపిరి తీరు ఒక్కసారిగా మారితే మొదట చూడాల్సింది పొయ్యివైపు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకేవైపు పారుతుంది. గాలితిత్తులు వాటిని ఎప్పుడూ నిండుగా ఉంచుతాయి. ఆక్సిజన్ మనకన్నా బాగా పీల్చుకుంటుంది, విషాన్నీ అంతే బాగా పీల్చుకుంటుంది. దోసెల కోసం పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాలితే దాని పూత నుంచి వచ్చే ఆవిరి మనిషికి వాసన తెలిసేలోపే పక్కగదిలోని పక్షిని చంపగలదు. సాంబ్రాణి, దోమల చుట్ట, ఎండుమిర్చి తాలింపు ఘాటు అంత ఘోరం కాకపోయినా మంచివి కావు. 2013 జూన్ 21న ఇండోనేసియా అడవుల పొగతో సింగపూర్ కాలుష్య సూచీ 401కి చేరినప్పుడు కిటికీలు మూసుకున్నది మనుషుల కోసమే అయినా, ఇంట్లో పంజరాలున్నవాళ్ళకు అది రెండింతల అవసరం.

డాక్టరు బల్ల మీద పెట్టగానే చాలా కాకటీల్‌లు నిటారుగా నిలబడి తురాయి లేపి ఆరోగ్యంగా కనిపిస్తాయి. కొత్తచోటు భయం వాటిచేత ఆ నాటకం ఆడిస్తుంది. అందుకే ముందురోజు ఇంట్లో తీసిన అరనిమిషం వీడియో, బరువులు రాసుకున్న చీటీ, పంజరం అడుగున వేసిన ఆ పూట కాగితం వెంట తీసుకెళ్ళాలి. రెట్ట రంగు, తడి చూసే డాక్టరు సగం విషయం తేల్చుకుంటారు. సింగపూర్ మెట్రో రైళ్ళలో, బస్సుల్లో పెంపుడు జీవుల్ని ఎక్కించుకోరు కాబట్టి టాక్సీయే దిక్కు. బుక్ చేసేటప్పుడే పక్షి ఉందని చెప్పి, ఎక్కగానే ఏసీ తగ్గించమని అడగడం మేలు. జబ్బుపడ్డ కాకటీల్‌కు కావలసింది 30 డిగ్రీల వెచ్చదనం, ఆ కారులో సాధారణంగా ఉండేది 22.